కప్రిజోవ్‌కు ఏడాదికి 17 మిలియన్లు: పెట్టిన డబ్బుకు గిట్టుబాటు అవుతుందా?

మురళి_మిన్నియాపొలిస్ | 2025 అక్టోబర్ 7, రాత్రి 9:12

వారం రోజులుగా నా బుర్రలో ఇదే తిరుగుతోంది. సెప్టెంబర్ 30న మా ఐస్ హాకీ జట్టు మిన్నెసోటా వైల్డ్ కిరిల్ కప్రిజోవ్‌తో ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుంది. మొత్తం 136 మిలియన్ డాలర్లు. ఏడాదికి 17 మిలియన్లు, అంటే కోటీ 70 లక్షల డాలర్లు. ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ఐస్ హాకీ లీగ్) చరిత్రలో ఇంత పెద్ద కాంట్రాక్ట్ ఇంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు. ఇది వచ్చే సీజన్ నుంచి మొదలవుతుంది.

నిన్నేమో కానర్ మెక్‌డేవిడ్ తన ఎడ్మంటన్ జట్టుతో ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాడు. ఏడాదికి 12.5 మిలియన్లే. ఇప్పుడు తీసుకుంటున్నదీ అంతే, ఒక్క డాలరు పెంచమని అడగలేదు. అందరికంటే గొప్పగా ఆడేవాడే 12.5కి ఒప్పుకుంటే మీవాడికి 17 ఎందుకని ఆఫీసులో పొద్దున్నించీ అడుగుతూనే ఉన్నారు.

నా భయం వేరు. నేను 2011లో ఈ ఊరు వచ్చాను. 2012 జూలై 4న జాక్ పరీజే, రయన్ సూటర్ ఇద్దరూ ఒకే రోజు వైల్డ్‌కు సంతకం పెట్టారు. చెరో 13 ఏళ్లు, చెరో 98 మిలియన్లు. ఆ రోజు మా అపార్ట్‌మెంట్‌లో హాకీ తెలియనివాళ్లు కూడా అదే మాట్లాడుకున్నారు. 2021లో ఇద్దరికీ బయౌట్ (కొంత డబ్బు కట్టి కాంట్రాక్ట్ మధ్యలోనే తెంచుకోవడం) ఇచ్చి పంపించేశారు. ఆ తర్వాత 2023-24లో, 2024-25లో ఏడాదికి దాదాపు 14.7 మిలియన్ల చొప్పున, జట్టులో లేని ఆ ఇద్దరి పేరు మీద మా క్యాప్‌లోంచి, అంటే జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలోంచి పోయాయి. 2015 తర్వాత ప్లేఆఫ్స్‌లో మేం ఒక్క సిరీస్ కూడా గెలవలేదు.

కప్రిజోవ్‌కు ఇప్పుడు 28. ఈ కాంట్రాక్ట్ అయిపోయేసరికి 37 నిండుతాయి. ఆ అబ్బాయి ఆటంటే నాకు ప్రాణం. అందుకే ఇంత టెన్షన్. మీరేమంటారు?

సుబ్బారావు_ఎడిసన్ | అక్టోబర్ 7, రాత్రి 9:50

మురళి గారూ, డాలర్లు పక్కన పెట్టి శాతం చూడండి. క్యాప్ ఉన్న లీగ్‌లో జీతాన్ని కొలిచే తూనిక అదొక్కటే.

ఈ సీజన్ క్యాప్ 95.5 మిలియన్లు. కప్రిజోవ్ కొత్త జీతం మొదలయ్యే 2026-27కు 104 మిలియన్లని ముందే చెప్పారు. 104లో 17 అంటే 16.3 శాతం. మెక్‌డేవిడ్ 12.5 మిలియన్ల కాంట్రాక్ట్ 2018-19లో మొదలైనప్పుడు క్యాప్ 79.5. అంటే 15.7 శాతం. 2008-09లో వాషింగ్టన్ ఆటగాడు ఒవెచ్కిన్ 13 ఏళ్ల, 124 మిలియన్ల కాంట్రాక్ట్ మొదలైంది. అప్పటి క్యాప్ 56.7. ఏడాదికి 9.5 మిలియన్ల పైచిలుకు, దాదాపు 16.8 శాతం. అంటే 17 ఏళ్ల కింద ఒవెచ్కిన్ తీసుకున్న వాటా కంటే కప్రిజోవ్‌ది తక్కువే.

2027-28కి క్యాప్ 113.5 అంటున్నారు. అప్పటికి మీవాడి వాటా 15 శాతానికి దిగుతుంది. అంకె చూసి బెదరకండి.

నవీన్_విశాఖ | అక్టోబర్ 8, ఉదయం 10:05 (భారత సమయం)

నేను ఈమధ్యే హాకీ చూడటం మొదలుపెట్టాను, అదీ ఫోన్‌లో హైలైట్స్. ఈ క్యాప్ అంటే మన ఐపీఎల్ పర్స్ లాంటిదేనా? ఆ లెక్కన 2025 వేలంలో పర్స్ 120 కోట్లు, పంత్‌కు లక్నో పెట్టింది 27 కోట్లు. అంటే 22.5 శాతం. ఇక్కడి 16 శాతానికి ఇంత గొడవ ఎందుకు?

సుబ్బారావు_ఎడిసన్ | అక్టోబర్ 8, ఉదయం 7:20

నవీన్, పోలిక బాగుంది. దాదాపు అలాంటిదే, కానీ రెండు తేడాలున్నాయి.

ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ ఆటగాడికైనా జట్టు క్యాప్‌లో 20 శాతం మించి ఇవ్వకూడదని రూలు. పంత్ లెక్క ఇక్కడ చెల్లదు. రెండోది ఇంకా ముఖ్యం. ఐపీఎల్‌లో మూడేళ్లకోసారి మెగా వేలం వస్తుంది, తప్పు జరిగితే దిద్దుకోవచ్చు. ఇక్కడ ఎనిమిదేళ్లు ఒకే కాగితం మీద రాస్తారు. నచ్చకపోతే బయౌట్ ఉంది. మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలి, దాన్ని మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలం మీద పరుస్తారు. 2006లో న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు వాళ్లు రిక్ డిపియెట్రో అనే గోలీకి (గోల్‌కీపర్‌కు) 15 ఏళ్లు రాసిచ్చారు. గాయాలతో ఆడలేకపోయాడు. 2013లో బయౌట్ చేశారు. ఏడాదికి 1.5 మిలియన్ల చొప్పున ఇప్పటికీ ఇస్తున్నారు, 2029 దాకా ఇస్తారు.

ఇంకో మాట. మీ విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 సీజన్ 20 లక్షలకు ఆడాడు, ఆ మరుసటి ఏడు సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఆ 20 లక్షల ఏడాది ఉంది చూశారా, ఇక్కడ జట్లు కప్పు (స్టాన్లీ కప్) గెలిచేది అలాంటి ఏళ్లలోనే. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు జీతం తక్కువగా ఉండే ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్ ఉంటుంది. చికాగోలో కానర్ బెడార్డ్ కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొత్తానికి మొదటివాడు, అయినా అతని మొదటి మూడేళ్ల క్యాప్ లెక్క ఏడాదికి 9.5 లక్షల డాలర్లే.

వాసవి_టొరంటో | అక్టోబర్ 8, ఉదయం 8:41

శాతాల లెక్క సరే. మా గోడు కూడా వినండి.

2019-20లో మా లీఫ్స్ జట్టులో మాథ్యూస్, టవారెస్, మార్నర్, నీలాండర్, ఈ నలుగురికి కలిపి 40.5 మిలియన్లు. క్యాప్ 81.5. సగం డబ్బు నలుగురికి, మిగతా సగంలో అందరూ సర్దుకోవాలి. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చింది. క్యాప్ మూడు సీజన్లు 81.5 దగ్గరే ఆగిపోయింది. పెరుగుతుందన్న నమ్మకంతో పెట్టిన సంతకాలన్నీ మెడకు చుట్టుకున్నాయి. ఆ ఏళ్లలో మా డిఫెన్స్‌లో, గోల్ దగ్గర ఎవరున్నారో గుర్తు చేసుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. మాథ్యూస్ 2023-24లో 69 గోల్స్ కొట్టాడు. అతని జీతం మీద నేను ఒక్క మాట అనను. కానీ ఏడేళ్లలో మేం గెలిచిన సిరీస్‌లు రెండే రెండు. మొన్న మేలో ఫ్లోరిడాతో ఏడో మ్యాచ్ మా ఊళ్లోనే 6-1తో పోయింది. జూలై కల్లా మార్నర్ వేగస్‌లో ఉన్నాడు, ఏడాదికి 12 మిలియన్లకు.

మురళి గారూ, మీరు అడగాల్సింది కప్రిజోవ్‌కు 17 ఎక్కువా అని కాదండీ. 17 పోగా మిగిలిన దాంతో మీ వాళ్లు ఎవర్ని కొంటారు? అది చూడండి.

రఘు_ఎడ్మంటన్ | అక్టోబర్ 8, ఉదయం 9:15

వాసవి గారి మాటకు నా ఓటు. మెక్‌డేవిడ్ 12.5 దగ్గర ఎందుకు ఆగాడో మా ఊళ్లో అందరికీ తెలుసు. 2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ వాళ్లు మా ఇద్దరు కుర్రాళ్లకు ఆఫర్ షీట్ (మా జట్టుకు రమ్మంటూ ఇచ్చే కాంట్రాక్ట్) పంపారు. బ్రోబర్గ్‌కు 4.58 మిలియన్లు, హాలోవేకు 2.29. మా క్యాప్‌లో చోటు లేదు. ఇద్దరినీ వదిలేసుకున్నాం. బదులుగా డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్ పిక్ (కుర్రాణ్ని ఎంచుకునే వంతు) ఒకటి, మూడో రౌండ్ పిక్ ఒకటి చేతిలో పెట్టారు. హాలోవే అక్కడికెళ్లి మొదటి సీజన్‌లోనే మంచి ఆటగాడయ్యాడు.

2024 ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఓడాం. 2025 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో ఓడాం. రెండుసార్లూ ఫ్లోరిడా చేతిలోనే. అలాంటి మ్యాచ్‌ల్లో తేడా వచ్చేది మంచు మీదికి వంతులవారీగా దిగే బృందాల్లో మూడో లైన్, నాలుగో లైన్ దగ్గర. మెక్‌డేవిడ్ వదులుకున్న నాలుగైదు మిలియన్లతో ఒక మంచి డిఫెన్స్‌మన్ వస్తాడు. అతను అంత స్పష్టంగా కప్పు అడుగుతున్నాడు. నాకు మాత్రం అది చూస్తే గర్వంగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది. ఎందుకంటే జట్టును సరిగ్గా కట్టడం మేనేజ్‌మెంట్ పని. దానికి ఆటగాడు తన జేబులోంచి ఎందుకు ఇవ్వాలి?

సుబ్బారావు_ఎడిసన్ | అక్టోబర్ 8, ఉదయం 9:58

రఘు, అక్కడే ఒక చిక్కుంది. ఈ లీగ్‌లో ఆదాయం యజమానులకు సగం, ఆటగాళ్లకు సగం. 2013 ఒప్పందం నుంచీ అంతే. ఆటగాళ్లందరి జీతాలూ కలిపి ఆ సగం దాటితే, దాటినంతా యజమానులకు తిరిగి పోతుంది. అందుకోసమే ప్రతి చెక్కులోంచి కొంత ఎస్క్రో అని ముందే పట్టి ఉంచుతారు.

అంటే కప్రిజోవ్‌కు ఇచ్చే 17 మిలియన్లు యజమానుల వాటాను తగ్గించవు. మొత్తం మీద చూస్తే తోటి ఆటగాళ్ల ముద్దలోంచే వస్తాయి. అలాగే మెక్‌డేవిడ్ వదులుకున్నది యజమానులకు మిగలదు, ఇంకో ఆటగాడికి పోతుంది. 2004-05 సీజన్ మొత్తం రద్దయి, ఆ గొడవలోంచి ఈ క్యాప్ పుట్టింది. మొదటి ఏడాది 39 మిలియన్లు. అప్పటినుంచీ "ఇతని జీతం ఎక్కువ" అన్నప్పుడల్లా మనం ఒక ఆటగాడి కంచం చూసి ఇంకో ఆటగాడి కంచం గురించి మాట్లాడుతున్నట్టే.

శ్రీను_ఫ్రిస్కో | అక్టోబర్ 8, మధ్యాహ్నం 12:30

మా డల్లాస్ సంగతి చెప్తాను. స్టార్స్ జట్టు ప్రాక్టీస్ చేసేది మా ఫ్రిస్కోలోనే, మా ఇంటికి పది నిమిషాలు. మా కాలనీలో సగం మంది మనవాళ్లే. మొదట్లో ఎవరూ అటు వెళ్లేవాళ్లు కాదు, ఇప్పుడు పిల్లల్ని స్కేటింగ్‌కు తీసుకెళ్తున్నారు.

మార్చిలో మేం గోల్స్ కొట్టే రాంటనెన్‌ను తెచ్చుకున్నాం. ఎనిమిదేళ్లు, ఏడాదికి 12 మిలియన్లు. బదులుగా మా కుర్ర ఆటగాడు స్టాంకోవెన్‌తో పాటు రెండు మొదటి రౌండ్ పిక్‌లు పోయాయి. అంత ఇవ్వాలా అని నేనూ అన్నాను. మే 3న కొలరాడోతో ఏడో మ్యాచ్. కొలరాడో అంటే జనవరిలో అతన్ని వద్దని పంపించేసిన జట్టు. మూడో పీరియడ్‌లో మేం 2-0 వెనకబడి ఉన్నాం. ఆ ఒక్క పీరియడ్‌లోనే హ్యాట్రిక్ కొట్టాడు. 4-2తో గెలిచాం. మా ఆవిడకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు, ఆ రాత్రి నాకంటే ముందు సోఫా మీంచి లేచింది. ఆ రోజు నుంచి 12 మిలియన్ల మాట మా ఇంట్లో ఎత్తలేదు.

ఇంకోటి, టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. మిన్నెసోటాలో పై శ్లాబు 9.85 శాతం. వాసవి గారి ఒంటారియోలో అన్నీ కలిపి 53 శాతం పైమాటే. కాబట్టి మా 12 మీ 12 ఒకటి కావు. కప్రిజోవ్‌కు 17లో కొంత ఆ పన్ను కోసమేనని నా అనుమానం.

వాసవి_టొరంటో | అక్టోబర్ 8, మధ్యాహ్నం 1:02

శ్రీను గారూ, పన్ను మాట ఎత్తి మంచిపని చేశారు. 2020 నుంచి కప్పులు లెక్కపెట్టండి. టాంపా రెండు, ఫ్లోరిడా రెండు, వేగస్ ఒకటి. ఆరింటిలో ఐదు పన్ను లేని చోటికే. మధ్యలో ఒక్క కొలరాడో. అదంతా పన్ను వల్లే అని నేననను, ఆ జట్లు బాగా నడిచాయి. కానీ క్యాప్ అందరికీ సమానం అంటారు కదా, అది పూర్తిగా నిజం కాదు.

ఆ కొలరాడో కప్పు కూడా ఎలా వచ్చిందంటే, వాళ్ల స్టార్ మెకినన్ అప్పటికి 6.3 మిలియన్లకు ఆడుతున్నాడు. ఇప్పుడు 12.6.

కిషోర్_గోలీ_నాన్న | అక్టోబర్ 8, సాయంత్రం 6:44

అందరూ గోల్స్ కొట్టేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా అబ్బాయి గోలీ, తొమ్మిదేళ్లు. ఇండియానాపొలిస్‌లో పొద్దున ఐదున్నరకు రింక్‌లో ఉంటాం. ప్యాడ్లు, బ్లాకర్, హెల్మెట్ తొడిగేసరికి వాడు కదల్లేడు, బూట్ల లేసులు నేనే మోకాళ్ల మీద కూర్చుని బిగిస్తాను. కాబట్టి గోలీల జీతం మీద నాకు పట్టింపు ఎక్కువ.

2019లో ఫ్లోరిడా సెర్గీ బొబ్రోవ్‌స్కీకి ఏడేళ్లు రాసిచ్చింది, ఏడాదికి 10 మిలియన్లు. మొదటి సీజన్‌లో వంద షాట్లకు తొంభై ఆపాడు, గోలీకి అది చాలా తక్కువ. లీగ్‌లో అన్నిటికంటే దండగ కాంట్రాక్ట్ అని రాయనివాడు లేడు. 2023 ప్లేఆఫ్స్ మొదలయ్యేసరికి బెంచీ మీద ఉన్నాడు. అలెక్స్ లయన్ అనే ఇంకో గోలీ గోల్‌లో ఉన్నాడు. బోస్టన్‌తో సిరీస్ మధ్యలో మళ్లీ ఇతన్ని దింపారు. ఆ సీజన్‌లో 65 మ్యాచ్‌లు గెలిచిన బోస్టన్‌ను ఇంటికి పంపి, ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. తర్వాత 2024లో కప్పు, 2025లో కప్పు.

2024లో టాంపా మీద పట్టిన ఒక షాట్ మా వాడు వంద సార్లు చూసి ఉంటాడు. పక్ (ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) అటు నుంచి ఇటు వచ్చింది, గోల్ ఖాళీగా ఉంది, కొట్టేది టాంపా ఆటగాడు డంబా. బొబ్రోవ్‌స్కీ వీపు ఆటవైపు ఉంది. అలాగే వెనక్కి ఎగిరి, కనపడని పక్‌ను గాల్లో చేత్తో ఆపాడు. 35 ఏళ్ల మనిషి! మురళి గారూ, ఆ డంబా మీ పాత ఆటగాడే.

నేను చెప్పేదేమిటంటే, మూడో ఏట లెక్క తీస్తే ఆ 70 మిలియన్లు నీళ్లలో పోసినట్టే. ఆరో ఏట తీస్తే అంతకంటే చవక బేరం లేదు. కప్రిజోవ్ మీద 2028లోనే తీర్పు చెప్పకండి.

లక్ష్మి_సెయింట్‌పాల్ | అక్టోబర్ 8, రాత్రి 8:20

ఇన్ని లెక్కలు చెప్పారు, ఒక్కరూ అదే మంచు మీద ఆడే అమ్మాయిల మాట ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

వైల్డ్ ఆడే అరీనాలోనే మా మిన్నెసోటా ఫ్రాస్ట్ ఆడుతుంది. పీడబ్ల్యూహెచ్‌ఎల్ (ఆడవాళ్ల ప్రొఫెషనల్ హాకీ లీగ్) మొదలైనప్పటి నుంచి జరిగింది రెండు సీజన్లు, రెండు కప్పులూ వీళ్లవే. మొన్న మేలో ఒట్టావాతో ఫైనల్ నాలుగు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కే వెళ్లాయి. చివరి గోల్ లిజ్ షెపర్స్ కొట్టింది. అంతకుముందు ఏడాది కప్పు తెచ్చిన గోల్ కూడా ఆమెదే. మా అమ్మాయికి పదకొండేళ్లు, ఆ రాత్రి దాని గొంతు పోయింది, మర్నాడు బడిలో మాట్లాడలేకపోయింది.

లీగ్ మొదటి ఏడాది ఒప్పందం ప్రకారం కనీస జీతం 35 వేల డాలర్లు, జట్టు సగటు 55 వేలు, ఏటా మూడు శాతం పెంపు. 23 మందికి సగటున లెక్కేస్తే మొత్తం జట్టుకు 12.65 లక్షల డాలర్లు. ఎన్‌హెచ్‌ఎల్‌లో కనీస జీతమే 7.75 లక్షలు. ఒక్క కప్రిజోవ్ ఏడాది జీతంతో అలాంటి జట్లు పదమూడు నడుస్తాయి.

ఆదాయం తక్కువ కాబట్టి జీతం తక్కువ అంటారని తెలుసు. ఒప్పుకుంటాను. కానీ పెట్టిన డబ్బుకు ఎంత ఆట చూశాం అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఫ్రాస్ట్ టికెట్ మీద పెట్టిన ఒక్క డాలర్ కూడా నాకు వృథా అనిపించలేదు.

మురళి_మిన్నియాపొలిస్ | అక్టోబర్ 8, రాత్రి 10:37

లక్ష్మి గారూ, మీరు చెప్పాక ఇంట్లో మాట్లాడాను. ఇన్నేళ్లుగా ఆ అరీనాకు వెళ్తూ, ఫ్రాస్ట్ మ్యాచ్‌కు ఒక్కసారీ వెళ్లలేదు. అది నా తప్పే. ఈసారి వెళ్తాం.

కిషోర్ గారి మాట మనసులో పడింది. దానికి నా అనుభవం ఒకటి. కిందటి సీజన్‌లో ఆఫీసులో ఒకాయన రాలేకపోతే ఆయన టికెట్ నాకిచ్చాడు. మొదటి వరస, గాజు పక్కన. అక్కడ కూర్చుంటే హాకీ టీవీలో చూసే ఆట కాదు. గాజుకు మనిషి గుద్దుకుంటే మన పళ్లు కదులుతాయి. అవతలి డిఫెన్స్‌మన్ బలంగా కొట్టిన షాట్‌కు మా నాలుగో లైన్ కుర్రాడొకడు అడ్డంగా పడుకున్నాడు. పక్ పాదం మీద తగిలింది. టక్‌మని ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు. లేచాడు, ఒంటి కాలి మీద బెంచీ దాకా జారుకుంటూ వెళ్లాడు, తల కిందికి వంచి ఊపిరి పీల్చుకున్నాడు. రెండు నిమిషాలకు మళ్లీ ఆటలో ఉన్నాడు. అతని జీతం కప్రిజోవ్ కొత్త జీతంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆడకపోతే ఐయోవాలో చిన్న లీగ్‌కు పంపుతారు, టూ-వే కాంట్రాక్ట్ అయితే అక్కడ జీతం ఇంకా తక్కువ.

అదే రాత్రి కప్రిజోవ్‌నూ అంత దగ్గరగా చూశాను. మూలలో ఇద్దరు మీద పడ్డారు. నడుము ఒక్కసారి ఇటు తిప్పి, పక్ వాళ్ల కాళ్ల మధ్యలోంచి లాక్కుని బయటికి వచ్చేశాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన చప్పట్లు కొట్టడం మర్చిపోయి నోరు తెరిచి చూస్తున్నాడు.

ఇద్దరూ కావాలి. నా బాధల్లా, మొదటివాడికి పెట్టాల్సినది రెండోవాడికి పోకూడదనే.

సుబ్బారావు_ఎడిసన్ | అక్టోబర్ 8, రాత్రి 11:15

అయితే మీ జట్టు సంగతే చూద్దాం. పరీజే, సూటర్ల డెడ్ క్యాప్ (జట్టులో లేకపోయినా వాళ్ల పేరు మీద క్యాప్‌లోంచి పోయే డబ్బు) ఈ సీజన్ నుంచి ఇద్దరికీ కలిపి 1.67 మిలియన్లకు పడిపోయింది. అంటే కిందటేడాదితో పోలిస్తే 13 మిలియన్లు చేతికొచ్చాయి. బోల్డీ 7 మిలియన్లకు 2029-30 దాకా ఉన్నాడు. మీ ఊరి కుర్రాడు ఫేబర్ 8.5కు ఎనిమిదేళ్లు. క్యాప్ పెరిగేకొద్దీ ఈ రెండూ మంచి బేరాలవుతాయి. టొరంటోకు దీనికి సరిగ్గా తిరగబడి జరిగింది. వాళ్లు సంతకాలు పెట్టాక క్యాప్ ఆగిపోయింది, మీరు పెట్టాక పెరుగుతోంది.

ఒక్కటి మాత్రం దాచను. కప్రిజోవ్ కిందటి సీజన్‌లో గాయంతో 41 మ్యాచ్‌లే ఆడాడు. వాటిలోనే 25 గోల్స్ కొట్టాడు, అది వేరే సంగతి. 34 ఏళ్లు దాటాక ఆ వేగం ఉండదు. చివరి రెండు మూడేళ్లు మీకు నష్టమే, అది జట్టుకూ తెలుసు. మొదటి నాలుగేళ్లు దక్కించుకోవడానికి చివరి ఏళ్లు కూడా కొనాల్సి వచ్చింది. లీగ్‌కూ ఆటగాళ్లకూ మధ్య కొత్త ఒప్పందం 2026 సెప్టెంబర్‌లో అమల్లోకి వస్తే సొంత ఆటగాడికైనా ఏడేళ్లకు మించి ఇవ్వలేరు. ఇలాంటి ఎనిమిదేళ్ల కాగితాలు ఇక కొద్ది నెలలే.

రఘు_ఎడ్మంటన్ | అక్టోబర్ 9, ఉదయం 7:48

మొదటి నాలుగేళ్లలో గెలవండి మరి. మా దగ్గర రెండేళ్లే ఉన్నాయి.

మురళి_మిన్నియాపొలిస్ | అక్టోబర్ 9, ఉదయం 8:30

రఘు గారూ, మీకు నిజంగా ఒక కప్పు రావాలి, మనస్ఫూర్తిగా అంటున్నాను.

సుబ్బారావు గారి లెక్కతో టెన్షన్ సగం తగ్గింది. మిగతా సగం 2030 దాకా ఉంటుంది. ఈ సీజన్ కప్రిజోవ్ ఇంకా పాత 9 మిలియన్లకే ఆడుతున్నాడు. చవగ్గా దొరికే ఆఖరి ఏడు ఇదే కాబట్టి పిల్లల్ని తీసుకుని వీలైనన్ని మ్యాచ్‌లు చూస్తాను. లక్ష్మి గారూ, ఫ్రాస్ట్ టికెట్లకు ఏ వైపు కూర్చుంటే బాగుంటుంది?

లక్ష్మి_సెయింట్‌పాల్ | అక్టోబర్ 9, ఉదయం 8:52

మూడు పీరియడ్‌లలో ఫ్రాస్ట్ రెండుసార్లు దాడి చేసే వైపు మూలలో తీసుకోండి, పిల్లలకు గోల్స్ దగ్గరగా కనిపిస్తాయి. గాజు పక్కన చలి ఎక్కువ, మంకీ క్యాప్‌లు మర్చిపోకండి. మా అమ్మాయి బోర్డు పట్టుకుని ముందు వరసలోనే ఉంటుంది, పలకరించండి.